పల్లె కౌంటీల ఆదాయము: లెక్కగట్టిన తీరు

ఒక ఊరిలో అయిదిండ్లు ఉన్నవనుకొందము. వాని ఏటి ఆదాయములు వరుసగా 1,000, 1,200, 1,500, 2,000, 20,000. సగటు తీసినచో 5,140 వచ్చును. కాని అయిదిండ్లలో నాలుగు ఈ సగటుకు ఎంతో దిగువనే ఉన్నవి! వరుసలో నడుమనున్న ఇంటి ఆదాయము 1,500 మాత్రమే. దీనినే మధ్యగతము అందురు. ఆంగ్లమున ‘మీడియన్’ అను మాటను ఈ అర్థములో వాడుకకు తెచ్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్ (1881). లెక్క ఇంత సులభము. ఆదాయములు తెలిసికొనుటయే కష్టము. అమెరికా దేశమున సుమారు 3,140 కౌంటీలు కలవు. వానిలో మారుమూల పల్లె కౌంటీల సంగతి చూచినచో ఆ కష్టమెట్టిదో బోధపడును.

అక్కడి జనాభా లెక్కలలో ఆదాయమును గూర్చిన ప్రశ్న మొదటిసారి 1940లో వచ్చినది. ఇంటి గుట్టు ప్రభుత్వమునకెందుకని న్యూహాంప్‌షైర్ సెనేటరు చార్లెస్ టోబీ పెద్ద దుమారము లేపెను. గణకునికి చెప్ప నిష్టము లేనివారు విడి కాగితముపై వ్రాసి తపాలాలో పంపవచ్చునని అధికారులు ఒప్పుకొనిరి. ఇంత రభస జరిగినను ఆ ప్రశ్న అడిగినది కూలి, జీతములను గూర్చి మాత్రమే. ఇతర రాబడి 50 డాలర్లకు తక్కువ కాకుండ ఉన్నదా లేదా అని అడిగిరే గాని, ఎంత అని అడుగలేదు. మొక్కజొన్న, పందులు అమ్ముకొని బ్రతికెడి రైతు ఆదాయము ఆ పట్టీలో ఎక్కనే లేదు. కావున వ్యవసాయ కౌంటీలకు 1940 అంకెలను మధ్యగతముగా తీసికొనుట పొరపాటు. 5,000 డాలర్లు దాటిన జీతమును ‘5,000కు పైన’ అని మాత్రమే వ్రాసికొనిరి. దీని వలన సగటు చెడును గాని మధ్యగతము చెడదు. ఇది దానికున్న మరియొక సుగుణము.

1950లో అన్ని రకముల రాబడిని అడిగిరి. కాని అందరిని గాక, అయిదుగురిలో ఒకరినే మచ్చుగా తీసికొనిరి. 1960లో నాలుగిండ్లకొకటి, 2000లో దేశము మొత్తముపై ఆరిండ్లకొకటి, అతి చిన్న ప్రాంతములలో రెండిండ్లకొకటి. అయినను టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ వంటి చోట మచ్చు ఏపాటి? 2000లో అక్కడి జనాభా 67 మంది!

పాత అంకెలను కొత్తవానితో పోల్చుటలో చిక్కులు మరికొన్ని కలవు. 1970 లెక్కలోని ఆదాయము 1969 సంవత్సరమునకు సంబంధించినది. అమెరికా వినియోగదారుల ధరల సూచిక 1969లో 36.7, 1999లో 166.6. అనగా 1969 నాటి డాలరు 1999 నాటి నాలుగున్నర డాలర్లకు సమానము. ఇంటికి సగటున 1940లో 3.67 మంది ఉండగా 2000లో 2.59 మందియే ఉండిరి. పెరటిలో పండించుకొని తిన్న కూర, ఇంటి పాలు ఈ లెక్కలలో ఎన్నడును చేరలేదు. పల్లెకు ఇది చిన్న విషయము కాదు.

ఈ అంకెలపై బడిపిల్లల పాలు ఆధారపడియున్నది. 1965 నాటి విద్యాచట్టము పేద పిల్లల సంఖ్యను బట్టి కౌంటీలకు ధనము పంచుటకు ఏర్పాటు చేసెను. ఆ సంఖ్యయు ఆదాయపు ప్రశ్న నుండి వచ్చునదే. లెక్క పదేండ్లకొకసారి. నడుమ గని మూతపడి ఊరు దివాలా తీసినను పాత అంకెలే చెల్లుచుండెను. ఏటేట జరుగు మచ్చు సర్వేలో సగానికి పైగా కౌంటీల నుండి ఒక్క ఇల్లయినను లేదు.

దారి చూపినది ఛార్లెస్ స్టైన్ 1956లో చేసిన వింత సిద్ధాంతము. పెక్కు చోట్ల అంచనాలను వేరువేరుగా గాక, ఒక ఉమ్మడి రేఖ వైపునకు కొంత లాగినచో మొత్తము తప్పు తగ్గునని దాని సారము. దీనినాధారముగా చేసికొని 1979లో రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ అనువారు వేయిమందికి లోపు జనాభా గల ఊళ్ల ఆదాయమును అంచనా కట్టిరి. ఉదాహరణకు, ఒక కౌంటీలో కొద్ది ఇండ్ల సర్వే 30,000 డాలర్లు అనుచున్నది. పన్ను పత్రములు, ఆహార సహాయము పొందువారి సంఖ్య మొదలగువానిని బట్టి కట్టిన సమీకరణము 36,000 అనుచున్నది. మచ్చు చిన్నది గనుక సర్వేకు నాలుగవ వంతు, సమీకరణమునకు ముప్పాతిక బరువు ఇచ్చినచో 34,500 వచ్చును. మచ్చు పెరిగిన కొలది సర్వే బరువును పెంచుదురు. పన్ను పత్రములొక్కటే చాలవు, ఏలయన మరీ పేదవారు వానిని దాఖలు చేయనక్కరలేదు. ఈ చిన్న ప్రాంతపు అంచనా శాస్త్రముపై ప్రామాణిక గ్రంథమును 2003లో ప్రకటించిన జె. ఎన్. కె. రావు 1937లో ఏలూరులో జన్మించినవాడు, కెనడాలో ఆచార్యుడు.

1994 నాటి చట్టము తాజా అంకెలు కోరుటతో, 1993 ఆదాయము మొదలుకొని కౌంటీలకు పేదరికము, గృహాదాయ మధ్యగతము ఈ పద్ధతిలో కట్టసాగిరి. 2005 నుండి ఏటేట పెద్ద సర్వే జరుగుచున్నది. అయినను 65,000కు లోపు జనాభా గల కౌంటీలకు అయిదేండ్ల మచ్చులను కలిపియే అంకె ప్రకటింతురు. 2005–09 అంకెను 2006–10 అంకెతో పోల్చినచో నాలుగేండ్లు రెండింటను ఉమ్మడి. ఆదాయము మారినదా లేదా తెలియవలెనన్న 2005–09 ప్రక్కన 2010–14 పెట్టి, డాలరు విలువ సరిచేసి, రెండు అంకెల నడుమ భేదము వాని దోషపు హద్దును మించినదేమో చూడవలెను. కొద్దిపాటి ఇండ్లు గల కౌంటీలలో అది మించుట అరుదు.