చిటికెడు ఉప్పులో ఉన్నది

ఉప్పు డబ్బా మూత తీసినప్పుడు మీకెప్పుడైనా జెనీవా పట్నం గుర్తొచ్చిందా? ఎందుకొస్తుంది లెండి! కాని ఉప్పులో కలిపే అయొడిన్ కథ కొంత అక్కడే నడిచింది.

గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ చాలకపోతే అది వాచి గలగండం అవుతుంది. స్విస్ కొండసీమల్లో ఈ జబ్బు ఎక్కువ. కాల్చిన స్పాంజి బూడిద దానికి పాతకాలపు మందు. అందులో పనిచేసేది, 1811లో ఫ్రాన్సులో కనిపెట్టిన అయొడినేనేమో అని ఊహించాడు జెనీవా వైద్యుడు క్వాందే. 1820లో మందుగా ఇచ్చి చూశాడు. వాపులు తగ్గాయి. ఇంకేముంది, వైద్యుణ్ణి అడక్కుండానే జనం కొనుక్కుని తాగడం మొదలెట్టారు! కొందరికి గుండెదడ, చేతుల వణుకు పట్టుకున్నాయి, మనుషులు చిక్కిపోయారు. ఏళ్ల తరబడి అయొడిన్‌కు మొహం వాచిన గ్రంథి, ఒక్కసారిగా అది దొరికేసరికి అదుపు తప్పింది మరి. మంచి మందుకు చెడ్డపేరొచ్చింది. 1922లో స్విట్జర్లాండులో ఉప్పులో రవ్వంత కలపడం మొదలయ్యాక కాని దారి దొరకలేదు.

మన దేశంలో ఆ దారి చూపినవారిలో ముఖ్యులు శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు. 1956లో మొదలుపెట్టి, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా లోయలో రెండు ప్రాంతాలకు అయొడిన్ ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు ఇప్పించి, ఏళ్ల తరబడి గమనించారు. అయొడిన్ ఉప్పు తిన్నచోట గలగండం బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ పథకమే పెట్టింది.

పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 చాలు. పెద్దవాళ్లకు పైహద్దు అమెరికావారు 1100 అంటే, యూరపువారు 600 దగ్గరే ఆపారు. మన ఇంటికి చేరే ఉప్పులో గ్రాముకు కనీసం 15 ఉండాలని నియమం. వంటల్లో వేసే ఉప్పుతో ఆ హద్దు దాటడం కష్టమే. భయమల్లా, థైరాయిడ్‌కు మంచిదని ఎవరో చెప్పగా మింగే సముద్రపు నాచు మాత్రలతోనే. కొన్ని రకాల్లో ఒక్క మాత్రతోనే హద్దు దాటిపోతుంది.