కొవ్వు లేని ఆహారము - ఎలుకలు తెలిపిన సత్యము

పిండిపదార్థముల నుండి శరీరము కొవ్వును తయారుచేసికొనగలదు. 19వ శతాబ్దములో ఇంగ్లండునందలి రొథామ్‌స్టెడ్ క్షేత్రమున లాస్, గిల్బర్టులు పందులను మేపి ఈ సంగతిని రుజువు చేసిరి. అట్లయిన ఆహారములో కొవ్వు ఉండితీరవలెనా?

1913లో అమెరికాలో మెకాలమ్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు వెన్న తినిన ఎలుకలు పెరుగుటయు, పందికొవ్వు తినినవి పెరుగక నిలిచిపోవుటయు గమనించిరి. ఆ గుణము వెన్నలో కరగియున్న ఎ విటమినుదే కాని కొవ్వుది కాదని తరువాత తేలినది. 1920లో ఆస్‌బర్న్, మెండెల్ కొవ్వు అతిస్వల్పముగానున్న ఆహారముతో ఎలుకలను పెంచి, కొవ్వు అవసరమే అయినచో మిక్కిలి కొద్దిగా చాలునని అభిప్రాయపడిరి. కొవ్వు ఉత్త ఇంధనమే యని పలువురు తలచిరి.

మిన్నిసోటా విశ్వవిద్యాలయములో జార్జి బర్, ఆయన భార్య మిల్‌డ్రెడ్ ఈ విషయమును నిశితముగా పరీక్షించిరి. శుద్ధిచేసిన చక్కెర, కొవ్వు తీసివేసిన కేసీను, లవణములు ఎలుకలకు ఆహారము. విటమినుల లోపమని ఎవరును ఆక్షేపింపకుండ వానిని వేరుగా ఇచ్చిరి. కొన్ని నెలలకు ఎలుకల పెరుగుదల ఆగినది. తోకలు పొలుసులు కట్టినవి, మూత్రపిండములు చెడినవి, తుదకు మరణించినవి. సకాలమున కొద్దిపాటి కొవ్వు ఇచ్చినచో కోలుకొన్నవి. 1929లో ఈ ఫలితములు వెలువడినవి. రోగమును మాన్పునది లినోలియిక్ ఆమ్లమని మరుసటి యేట ప్రకటించిరి. సంతృప్త కొవ్వు ఆమ్లములకు ఆ శక్తి లేదు.

కారణమేమి? లినోలియిక్ ఆమ్లపు అణువులో రెండు ద్విబంధములున్నవి. అందు రెండవదానిని ఆ స్థానమున ఏర్పరచు నేర్పు జంతుశరీరమునకు లేదు, మొక్కలకు కలదు. కావున అది ఆహారము నుండియే రావలెను.

మనుష్యునకు ఇది వర్తించునా? ఒక ఆరోగ్యవంతుడు ఆరు నెలలు కొవ్వు దాదాపు లేని ఆహారము తినియు చర్మరోగము పొందలేదని 1938లో ప్రకటింపబడినది. పెద్దల దేహములో నిలువ ఉన్న కొవ్వు చాలకాలము ఆదుకొనును. పసిపిల్లలకు ఆ నిలువ తక్కువ. 1963లో హాన్సెన్, ఆయన సహచరులు 428 మంది శిశువులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. లినోలియిక్ ఆమ్లము బహుస్వల్పముగానున్న పాలు త్రాగిన బిడ్డల చర్మము ఎండి పొట్టు లేచినది. సందేహము తీరినది.

అయినను కొవ్వు ఎక్కువైనకొలది మేలని భావింపరాదు. అధికముగా కొవ్వు తినిపించిన ఎలుకలు స్థూలకాయములగుటయు ప్రయోగశాలలలో కనబడుచునే యున్నది. ఎంత కొవ్వు అను ప్రశ్నతోపాటు ఎట్టి కొవ్వు అనియు అడుగవలెనని ఆ పొలుసుల తోకలే మనకు నేర్పినవి.