పోలీస్ అమరవీరుల సంస్మరణ దినం: అక్టోబర్ 21నే ఎందుకు? ఆ రోజు లద్దాఖ్‌లో ఏం జరిగింది?

అక్టోబర్ 21 వచ్చిందంటే దేశంలోని పోలీస్ పరేడ్ గ్రౌండ్స్‌లో రైఫిళ్ల మొన నేల వైపు తిరుగుతుంది. సిబ్బంది తలలు వంచి నిలబడతారు. దీన్ని 'శోక్ శస్త్ర' అంటారు. ఈ వీడియోలు ఏటా ఫోన్లలో కనిపించేవే. కానీ ఆ డేట్ వెనకున్న కథ చాలామందికి తెలీదు. అన్నట్టు, దీన్ని 'దినోత్సవం' అని రాసేస్తుంటారు గానీ ఇందులో ఉత్సవం ఏమీ లేదు. సంస్మరణ దినం అనడమే కరెక్ట్.

వెతకడానికి వెళ్లి..

అది 1959. అప్పటికింకా ఐటీబీపీ పుట్టలేదు. అది 1962లో వచ్చింది. లద్దాఖ్ సరిహద్దులో గస్తీ తిరిగేది పోలీసులే. అక్టోబర్ 20న హాట్ స్ప్రింగ్స్ నుంచి మూడు బృందాలు గస్తీకి బయల్దేరాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడో బృందం మాత్రం రాలేదు. ఆ ముగ్గురినీ వెతకడానికి మర్నాడు ఉదయం అధికారి కరమ్ సింగ్ నాయకత్వంలో సుమారు 20 మంది వెళ్లారు. అంటే వీళ్లు యుద్ధానికి వెళ్లలేదు.. తప్పిపోయిన తోటివాళ్ల కోసం వెళ్లారు. కొండ మీద నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు, గ్రెనేడ్లు విసిరారు. పది మంది చనిపోయారు. కొందరు బందీలయ్యారు.

ఆ పది మృతదేహాలు నవంబర్ 13న గానీ మన చేతికి రాలేదు. మూడు వారాలు దాటాక, పోలీస్ లాంఛనాలతో హాట్ స్ప్రింగ్స్‌లోనే అంత్యక్రియలు చేశారు.

1960 జనవరిలో రాష్ట్రాల పోలీస్ ఐజీల సదస్సు జరిగింది. ఏటా అక్టోబర్ 21న విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన పోలీసులందరినీ స్మరించుకోవాలని అందులోనే నిర్ణయించారు.

పేర్లు చదివే రోజు

పరేడ్‌లో అసలు ఘట్టం ప్రసంగాలు కాదు, పేర్లు చదవడం. ఆ ఏడాది చనిపోయినవాళ్ల పేర్లను ఒక్కొక్కటిగా చదువుతారు. కానిస్టేబుల్ అయినా, పెద్ద ఆఫీసర్ అయినా అదే జాబితా. ముందు వరుసలో కుటుంబాలు కూర్చుని ఉంటాయి. ఢిల్లీ చాణక్యపురిలో 2018లో ప్రారంభించిన జాతీయ పోలీస్ స్మారకం గోడపై 34 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి.

మన దగ్గర..

తెలుగు రాష్ట్రాల్లో ఈ జాబితా పెద్దది కావడానికి ప్రధాన కారణం నక్సల్ హింస. గ్రేహౌండ్స్‌కు రూపమిచ్చిన ఐపీఎస్ కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపారు. 1999 సెప్టెంబర్‌లో ఐపీఎస్ ఉమేశ్ చంద్రను ఎస్ఆర్ నగర్‌లో నడిరోడ్డు మీదే హతమార్చారు. అక్కడ ఆయన విగ్రహం ఉంది. రోజూ వేల మంది దాని పక్క నుంచే వెళ్తుంటారు. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల రిజర్వాయర్‌లో పడవపై జరిగిన దాడిలో 30 మందికి పైగా గ్రేహౌండ్స్ సిబ్బంది చనిపోయారు. వాళ్లలో ఎన్ని పేర్లు మనకు గుర్తున్నాయి?

హాట్ స్ప్రింగ్స్ సుమారు 16 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి స్మారకం దగ్గరికి వివిధ రాష్ట్రాల పోలీసుల బృందం ఏటా వెళ్లి నివాళులర్పిస్తుంది.