సుబేదారి నీడలో చదువులు

హనుమకొండ సుబేదారిలో 1886వ సంవత్సరమున శంకుస్థాపన జరిగిన విశాల భవనమునుండి సుబేదారు నిజాం ప్రతినిధియై వరంగల్లు సుబాను ఏలుచుండ, ఆ పాలనలో పెరిగిన తెలుగు బాలురకు విద్యాభ్యాసము కఠోరశిక్షణమే యయ్యెను. ఇంట మాటలాడునది తెలుగు. బడిలో లెక్కలును చరిత్రయు సైతము వల్లించునది ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనాభాష అదియే.

గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వువలన అనుమతిలేని సభ నేరమైన ఆ దినములలో, 1904లో హనుమకొండయందు స్థాపితమైన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమున తెలుగు పుస్తకము చేతబట్టి కూర్చుండుటయే వారికి రెండవ చదువు.

1938లో వందేమాతరగీతము నిషేధింపబడగా, వసతిగృహములలో ప్రార్థనావేళ దానిని పాడుట మానుటకు సమ్మతింపని విద్యార్థులు వందలకొలది బహిష్కృతులైరి. వారిలో నొకడైన పాములపర్తి వేంకట నరసింహారావు నాగపూరు చేరి చదువు కొనసాగించెను. హనుమకొండ కవి కాళోజీ నారాయణరావు అనంతరకాలమున కారాగారవాసమును, నగరబహిష్కరణమును అనుభవించెను.

అయినను బలవంతముగా నేర్పబడిన ఆ ఉర్దూ వృథ పోలేదు. 1991లో ప్రధానమంత్రియైన నరసింహారావు బహుభాషాపాండిత్యమున అదియు నొక భాగమే.