బ్రూమ్ బండి

జట్కా యెక్కిన వారికి, వెనుకనుండి వంగి లోనికి ప్రాకుటలోని ప్రయాస చెప్పనక్కఱలేదు. ఇంగ్లండు ప్రభువుల పెద్ద కోచి బండ్లలో పట్టుమెత్తలు ఉండెడివి కాని, వాటిని ఎక్కుటయు సులభము కాదు. అవి నేలకు మిక్కిలి ఎత్తున నుండుటచే, సేవకుడొకడు వెనుకనుండి దిగి వచ్చి, మడతమెట్లను దించిననే కాని దొర లోనికి పోజాలడు. ఆ సేవకుడును, జోడుగుఱ్ఱములును దొరతనమునకు గుర్తులు.

1838లో ఈ మర్యాదను కాదన్నవాడు సామాన్యుడు కాడు. హెన్రీ బ్రూమ్ ప్రభువు 1830 మొదలు 1834 వఱకు లార్డ్ ఛాన్సలరు పదవిని నిర్వహించెను. 1832 నాటి పార్లమెంటు సంస్కరణ శాసనమునకును, 1833లో బానిసత్వమును రద్దుచేసిన శాసనమునకును పాటుపడెను. అట్టివాడు, ఇద్దఱు కూర్చుండుటకు చాలినదై, ఒంటిగుఱ్ఱము లాగగల చిన్న మూతబండి కావలెనని కోరెను. అతనికి వాడుకగా బండ్లు చేయువారు ఆసక్తి చూపలేదు. తుదకు రాబిన్సన్ అండ్ కుక్ అను లండను పనివారు దానిని చేసియిచ్చిరి.

ప్రభువు కోరినంతనే బండి తేలిక కాలేదు. 1804లో ఒబడయా ఎలియట్ అనునతడు కోడిగ్రుడ్డు వంటి ఆకృతిగల ఉక్కు కమానులకు హక్కుపత్రము పొందియుండెను. అంతకుముందు ముందు ఇరుసును వెనుక ఇరుసును కలుపుచు ఒక బరువైన దూలము ఉండెడిది. కొత్త కమానులపై పెట్టె నేరుగా నిలిచినందున ఆ దూలముతో పని తప్పెను. పెట్టెను నేలకు దగ్గఱగా దింప వీలయ్యెను. ఒక్క అడుగుతో లోనికి పోవచ్చును. ఇక మెట్లు దించు సేవకుడెందులకు? తోలువాని పీఠము క్రింద ఖాళీ విడిచినందున ముందు చక్రములు అచ్చటికి తిరిగి, ఇఱుకు వీథులలో సైతము బండి సులువుగా మలుపు తీసికొనెడిది.

కొలది కాలములోనే ఇది వైద్యులకు అభిమాన వాహనమయ్యెను. అర్ధరాత్రి పిలుపు వచ్చినను, వానలో తడియక రోగి యింటికి చేరవచ్చును. తడియుట యెల్ల బయట కూర్చున్న తోలువాని పాలు! ముందు అద్దములోనుండి అతని వీపు యజమానికి కనబడుచునే యుండెడిది. బానిసల పక్షమున వాదించిన ప్రభువు ఈ సంగతి గమనించెనో లేదో!

20వ శతాబ్దపు తొలినాళ్లలో లండనులో విద్యుత్తుతో నడచు బ్రూమ్‌లు తిరిగెను. వాటిలోను డ్రైవరు బయటనే. గుఱ్ఱము పోయినను పేరు పోలేదు. అమెరికాలో కాడిలాక్ కంపెనీవారు 1980లలో తమ కార్లలో ఒకదానికి ఈ పేరే పెట్టిరి. అది వారి కార్లలో మిక్కిలి పొడవైన వాటిలో నొకటి.