‘సేవలకు తాత్కాలిక అంతరాయం’.. తెర వెనుక ఏం జరుగుతుంది?

రాత్రి పది దాటాక ఫోన్‌లో ఇంటిపన్నో, కరెంటు బిల్లో కడదామని కూర్చుంటారు. ‘నిర్వహణ పనుల వల్ల గంటసేపు సేవలు అందుబాటులో ఉండవు’ అన్న సందేశం కనిపిస్తుంది. ‘మళ్లీ సర్వర్ డౌన్’ అని విసుక్కుంటాం. కానీ ఉన్నట్టుండి ఆగిపోవడం, ముందే సమయం చెప్పి ఆపడం ఒకటి కాదు. అలా చెప్పి చేసే పనుల్లో ముఖ్యమైనది స్విచ్‌ఓవర్.

రికార్డులు రెండు చోట్ల ఎందుకు?

2024 సెప్టెంబర్ మొదట్లో కొండపల్లి శాంతినగర్ దగ్గర బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఇంట్లోని కాగితం తడిసిపోయినా, దాని నకలు మరోచోట ఉంటే తిరిగి తెచ్చుకోవచ్చు. కంప్యూటర్ రికార్డులకూ ఇదే సూత్రం.

అందుకే క్లౌడ్‌లో ఒకే సమాచారాన్ని రెండు నగరాల్లో ఉంచుతారు. కొత్త వివరాలు నమోదయ్యేది ప్రైమరీ క్లస్టర్‌లో. వాటి నకలు వెంటవెంటనే చేరేది సెకండరీ క్లస్టర్‌కు. ఉదాహరణకు అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి క్లౌడ్ కేంద్రాలున్నాయి. ఒకచోట ప్రైమరీని, రెండోచోట సెకండరీని పెట్టుకోవచ్చు.

స్విచ్‌ఓవర్ ఎలా జరుగుతుంది?

1. ప్రైమరీలో కొత్త నమోదులు ఆపేస్తారు.
2. చివరి నమోదు వరకు అన్నీ సెకండరీకి చేరేదాకా ఆగుతారు.
3. పాత్రలు మారతాయి. సెకండరీ ప్రైమరీ అవుతుంది, పాతది సెకండరీగా కొనసాగుతుంది.
4. వెబ్‌సైట్లు, యాప్‌లను కొత్త ప్రైమరీకి కలుపుతారు.

రెండో మెట్టే కీలకం. అక్కడ ఆగుతారు కాబట్టే ఒక్క రికార్డూ పోదు.

మరి ఫెయిలోవర్ అంటే?

అగ్నిప్రమాదమో, వరదో వచ్చి ప్రైమరీ పలకనప్పుడు చేసేది ఫెయిలోవర్. నకలు సాధారణంగా క్షణం పాటు వెనకబడి ఉంటుంది. ప్రైమరీయే అందనప్పుడు ఆ చివరి క్షణం లావాదేవీలు పోవచ్చు. ఆ రోజు తడబడకుండా ఉండేందుకే మామూలు రోజున స్విచ్‌ఓవర్‌తో సాధన చేస్తారు.

ఎవరైనా చేశారా?

2024 మార్చి 2, శనివారం నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రత్యేకంగా ట్రేడింగ్ నిర్వహించింది. ఉదయం 9.15 నుంచి 10 వరకు ప్రధాన కేంద్రం నుంచి, 11.30 నుంచి 12.30 వరకు ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి నడిపింది.

నకలు లేకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 2025 సెప్టెంబర్‌లో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారానికి వేరే చోట నకలు లేదు.

నిర్వహణ విరామాలన్నీ స్విచ్‌ఓవర్లేనా?

కాదు. 2024 డిసెంబర్‌లో తెలంగాణలో ధరణి సేవలు 12వ తేదీ సాయంత్రం నుంచి 16 ఉదయం వరకు ఆగింది డేటాబేస్ అప్‌గ్రేడ్ కోసం. స్విచ్‌ఓవర్ సజావుగా సాగితే సాధారణంగా నిమిషాల్లో ముగుస్తుంది.

సెకండరీ ఉంటే బ్యాకప్ అక్కర్లేదా?

కావాలి. ప్రైమరీలో పొరపాటున చెరిపేసిన వివరం సెకండరీలోనూ చెరిగిపోతుంది. పాత తేదీ నాటి బ్యాకప్ ఉంటేనే దాన్ని వెనక్కి తేగలరు.

మనం ఏం చేయాలి?

• ప్రకటించిన సమయానికి కాస్త ముందు కొత్త దరఖాస్తు, చెల్లింపు మొదలుపెట్టొద్దు.
• మధ్యలో ఆగిపోతే దరఖాస్తు నంబరు, లావాదేవీ నంబరు రాసి పెట్టుకోండి.
• ఖాతాలో డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టొద్దు. సేవలు మొదలయ్యాక స్టేటస్ చూడండి.
• సేవలు మొదలైనా పేజీ తెరుచుకోకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.
• గడువు చివరి రోజునే విరామం వస్తే, ఆ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆలస్యానికి కారణం చూపడానికి పనికొస్తుంది.