బంతియాటయందు శీలశిక్ష



శీలము బోధవలన వచ్చునా, పెద్దల నడవడిని చూచుటవలన వచ్చునా? ఈ ప్రశ్న మన పాఠశాలలకు ఎంత పాతదో అమెరికా దేశపు కళాశాలలకును అంత పాతది. అచ్చటి విద్యార్థులాడు ఫుట్‌బాలు ఆట చరిత్రయందు ఈ ప్రశ్న పలుమారులు పరీక్షకు వచ్చినది. అందు ఏబది సంవత్సరముల యెడమున, ఒకే విధమైన పొరపాటుతో ముగిసిన రెండు పోటీలు నేటి ప్రసంగమునకు ముఖ్యవిషయములు.

ముందుగా ఆ యాట తీరు కొంచెము తెలియవలయును. పేరు ఫుట్‌బాలే కాని, మన పట్టణములలో కాలితో తన్నెడి గుండ్రని బంతియాట కాదది. ఆ బంతి కోడిగ్రుడ్డువలె పొడవుగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, లేదా తోడివానికి విసరుదురు. ఎదిరిపక్షమువారు చెడుగుడునందువలె మీదబడి పట్టి పడద్రోయుదురు. పక్షమునకు 11 మంది. బంతిగల పక్షమునకు నాలుగు యత్నములు లభించును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగనిచో బంతి ఎదిరివారి పాలగును. అయిదవ యత్నమునకు నియమము ఒప్పుకొనదు. ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఈ యాటకు మూలమైన మొదటి కళాశాలా పోటీ 1869లో రట్గర్సు, ప్రిన్స్‌టను విద్యార్థుల నడుమ జరిగెను. ధైర్యమును, ఓర్పును, కలసి పనిచేయు గుణమును నేర్పునని పెద్దలు దానిని ఆదరించిరి. కాని గెలుపుమీది యాశ హెచ్చినకొలది మొరటుదనమును హెచ్చెను. 1905వ సంవత్సరపు ఆటలలో 18 మంది మరణించిరని నాటి పత్రికలు లెక్కకట్టినవి. దేశాధ్యక్షుడగు థియొడోరు రూజువెల్టు ఆ యేడు అక్టోబరు 9వ తేదీన హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను విద్యాలయముల ప్రతినిధులను తన భవనమునకు రప్పించి, ఆటను చక్కదిద్దుడని కోరెను. మరుసటి యేట నియమములు మారినవి. అనేక కళాశాలలు కలసి ఒక సంఘముగా నేర్పడినవి. జాతీయ కళాశాలా క్రీడాసంఘమని 1910లో పేరు మార్చుకొన్నది ఆ సంఘమే. నియమములు దేహములను కొంత కాపాడినవి. మనస్సులను కాపాడు పని మాత్రము శిక్షకులమీద నిలిచినది.

అట్టి శిక్షకులలో అమోసు అలోంజో స్టాగు పేరెన్నిక గన్నవాడు. అతడు యేలు విద్యాలయమున మతశాస్త్రము చదివినవాడు. 1892లో షికాగో విశ్వవిద్యాలయమున ప్రవేశించి, ఆచార్యవర్గమున స్థానముగలవాడై, 40 సంవత్సరములు ఆట నేర్పెను. ఆటస్థలమును గూడ తరగతిగదిగా నెంచిన తరమునకు అతడు ప్రతినిధి.

ఇక మొదటి పోటీ. 1940 నవంబరు 16వ తేదీన న్యూహాంప్‌షైరు రాష్ట్రమునందలి హానోవరులో కార్నెలు, డార్టుమతు విద్యాలయములు తలపడెను. కార్నెలు అప్పటికి వరుసగా 18 పోటీలలో ఓటమి యెరుగనిది. కాని నాడు డార్టుమతు 3–0తో ముందుండెను. కడపటి నిమిషమున కార్నెలు పక్షమువారి నాలుగు యత్నములును ముగిసినవి. తీర్పరి లెక్క తప్పి వారికి అయిదవ యత్నము నిచ్చెను. దానితో కార్నెలు 7–3గా గెలిచెను.

ఆటను చిత్రించిన ఫిలిమును రెండు దినములకు పరిశీలింపగా తప్పు స్పష్టమయ్యెను. తీర్పరియు తన పొరపాటు నొప్పుకొనెను. అయినను ముగిసిన ఆట ఫలితమును మార్చు అధికారము అతనికి లేదు, మరియెవరికిని లేదు. చట్టము కార్నెలు పక్షముననే యున్నది. అట్టియెడ కార్నెలు పెద్దలు, తామా గెలుపును విడుచుచున్నామని డార్టుమతునకు తంతి పంపిరి. ఓడినవారిని మెచ్చుకొనుచు డార్టుమతు ఆ గెలుపును గైకొనెను. నేటికిని ఆ ఫలితము 3–0గానే లెక్కింపబడుచున్నది.

నాడు ఆ గెలుపు నందుకొన్న డార్టుమతు శిక్షకుడు ఎర్లు బ్లెయికు. అతడు మరుసటి యేడు వెస్టుపాయింటు సైనిక విద్యాలయమునకు వెళ్లెను. అసత్యమాడుటయు, మోసగించుటయు, అట్టివారిని సహించుటయు కూడదని అచ్చట కఠినమైన గౌరవనియమము కలదు. అయినను 1951లో పరీక్షా ప్రశ్నలు ముందుగా చేతులు మారిన సంగతి బయటపడి, సుమారు 90 మంది విద్యార్థులు విద్యాలయమును విడువవలసి వచ్చెను. వారిలో 37 మంది ఫుట్‌బాలు ఆటగాండ్రు. ఆ శిక్షకుని కుమారుడును అందొకడు. వ్రాసిన నియమమెంత గట్టిదైనను దానంతట నది మనస్సులో నాటుకొనదని ఇందుచే తెలియుచున్నది.

రెండవ పోటీ 1990 అక్టోబరు 6వ తేదీన మిస్సోరీ రాష్ట్రమునందలి కొలంబియాలో జరిగెను. ఇందును ఆట చివర తీర్పరులు లెక్క తప్పి కొలరాడో పక్షమునకు అయిదవ యత్నము నిచ్చిరి. దానితో కొలరాడో 33–31గా మిస్సోరీని గెలిచెను. తీర్పరులు తాత్కాలికముగా తొలగింపబడిరి. కాని కొలరాడో గెలుపును విడువలేదు. ఆ యేడు ఒక గణనలో దేశమునకు ప్రథమస్థానమును గూడ పొందినది. దాని శిక్షకుడు బిల్లు మెకార్ట్‌నీ భక్తిపరుడు. మాట నిలుపుకొనుటను పురుషులకు బోధించు క్రైస్తవసంఘమును ఆ సంవత్సరముననే ఆరంభించినవాడు. ఎనిమిదేండ్లకు, 1998లో, ఆ గెలుపును గూర్చి మిస్సోరీ ప్రజల యెదుట అతడు పశ్చాత్తాపము ప్రకటించెను. పశ్చాత్తాపము గొప్పదే. కాని నాడు అతని చేతిక్రింద ఆడిన పిల్లలు అప్పటికి కళాశాల విడిచి ఏండ్లు గడచినవి.

కొలరాడోవారు చట్టమును మీరిరని యెవరును చెప్పజాలరు. తీర్పరి తీర్పే తుదితీర్పు అనునది లేనిచో ఏ యాటయు ముగియదు. కాని చట్టమునకు చాలినది ధర్మమునకు చాలదు. ద్రోణవధ సమయమున ధర్మజుడు పలికినది అక్షరములలో సత్యమే; అయినను నేలనంటక నడచు అతని రథము నాడు నేలనంటినది. కార్నెలు పెద్దలు గెలుపు విడిచి రథమును నిలుపుకొనిరి.

1994లో జాతీయ కళాశాలా క్రీడాసంఘము ఆటగాండ్రకు నడవడి, చదువు, జీవనోపాయము మొదలగువాటిని నేర్పుటకు ప్రత్యేక కార్యక్రమము నేర్పరచెను. అది మంచిపని. కాని ఎన్ని పాఠములు చెప్పినను, లాభము చేజారునపుడు గురువు ఏమి చేసెనో దానినే శిష్యుడు నేర్చుకొనును. కార్నెలు విద్యార్థులు ఆ తంతివలన నేర్చినది ఏ ఉపన్యాసమువలనను నేర్చియుండరు.

మహాశయులారా! సర్వే గొలుసు తప్పి పొరుగువాని నేల రెండు సెంట్లు మన పట్టాలోనికి వచ్చినదనుకొనుడు. కాగితము మనదే, అడుగువాడు లేడు. ఆ దినమున మన యింటి పిల్లలు మన ముఖమును చూచుచుందురు. వారికి మనము చెప్పు నీతిపాఠము అదియే.

స్వస్తి.